మద్దెల నిజంగానే ఓడైతే? ఇంటి పనిముట్లలో ఎక్కడ పొదుపు చేయొచ్చు, ఎక్కడ కూడదు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి స్క్రూడ్రైవర్ అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: “కంపెనీది ఇమ్మంటారా, మామూలుదా?” మామూలుదైతే నలభై రూపాయలు. కంపెనీదైతే నూట యాభై. ఇంట్లో ఉన్న నాలుగు తలుపులకీ, ఒక ఫ్యానుకీ నూట యాభై దేనికని చాలాకాలం నేను మామూలుదే తెచ్చుకున్నాను.

ఒకసారి బాత్రూమ్ తలుపు కింద రాసుకుంటోందని పై బందు స్క్రూలు విప్పబోయాను. మొదటిది వచ్చింది. రెండోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పితే స్క్రూ కదల్లేదు గానీ, చేతిలోని స్క్రూడ్రైవర్ కొన జంతికలా మెలితిరిగింది. ఆ మెలితిరిగిన కొనతోనే ఇంకో రెండుసార్లు ప్రయత్నించడం నేను చేసిన అసలు తప్పు. స్క్రూ తలమీది ప్లస్ గుర్తు అరిగిపోయి గుండ్రటి గుంటలా తయారైంది. చివరికి కార్పెంటర్ వచ్చి, చిన్న గ్రైండర్‌తో స్క్రూ తలమీద గాడి కోసి, దాన్ని విప్పి మూడు వందలు తీసుకున్నాడు. తలుపు లామినేట్ మీద నల్లగా కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. నూట పది రూపాయలు ఆదా చేసి మూడు వందలూ, ఒక మచ్చా కొనుక్కున్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనకో సామెత ఉంది. పనిరాని వాడే పనిముట్టుని తిడతాడని. నిజమే కావచ్చు. కానీ కొత్తగా పని నేర్చుకునేవాడి విషయంలో జరిగేది దీనికి తలకిందులు. మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది, అతను మాత్రం తనకి ఆట రాదనుకుంటాడు. కోత వంకర పోతే చెయ్యి కుదరలేదనుకుంటాడు, రంధ్రం పక్కకి జారితే తనకిది అచ్చిరాదనుకుంటాడు. రంపం పళ్ళు ఒకవైపుకే వంగి ఉన్నాయనీ, డ్రిల్లు బిట్టు కొన మధ్యలో లేదనీ పోల్చుకోవడానికి మంచిది ఒక్కసారైనా వాడి ఉండాలి కదా.

ఈ పనుల్లో అనుభవం ఉన్నవాళ్ళు తరచూ ఇచ్చే సలహా ఒకటుంది. ముందు చవకది కొను, అది అరిగిపోయేంతగా వాడితే అప్పుడు మంచిది కొను, అసలు వాడకపోతే పోయింది తక్కువే. ఈ సలహాలో సగం బంగారం. చాలామంది కొన్న పనిముట్లు అట్టపెట్టెల్లోనే ముసలివైపోతాయి. కాకపోతే ఈ సలహా ఒకటి అనుకుంటోంది: పనిముట్టు విరిగితే పోయేది పనిముట్టు మాత్రమేనని. చవక క్లాంపు విరిగితే క్లాంపు పోతుంది, నిజమే. చవక స్క్రూడ్రైవర్ చెడితే స్క్రూ పోతుంది, దానితోపాటు తలుపూ పోవచ్చు. గ్రైండర్‌కి బిగించే చవక కటింగ్ వీల్ పగిలితే కన్ను పోతుంది. కాబట్టి ధర చీటీ చూసేముందు, ఇది చెడితే ఏం పోతుందో చూసుకోవాలి. నా లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చేతి పనిముట్లతో మొదలుపెడదాం. నిజానికి మన దేశంలో వీటి విషయంలో చవకా, నాణ్యతా అన్న పేచీ పెద్దగా రావాల్సిన పనిలేదు. స్పానర్లూ, ప్లేయర్లూ, స్క్రూడ్రైవర్లూ ఇక్కడే మంచివి తయారవుతాయి. జలంధర్, లూధియానాలు వీటికి పేరుపడ్డ ఊళ్ళు. నాశిక్‌లో ప్లాంటు ఉన్న టపారియా 1969లో ఒక స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో ఈ తయారీ మొదలుపెట్టింది. ఆటోనగర్ మెకానిక్ చేతిలో రోజూ నలిగే కటింగ్ ప్లేయర్ ధరకీ, ఫుట్‌పాత్ మీద దొరికేదాని ధరకీ తేడా ఒక సినిమా టికెట్టంత. ఆ తేడా దగ్గర బేరాలాడటం దండగ. వందా నూట యాభై ముక్కలున్న సెట్టు, సూట్‌కేసులాంటి పెట్టెలో, కంపెనీ ప్లేయర్ రెండింటి ధరకే వస్తోందంటే మాత్రం జాగ్రత్త పడాలి. అందులో మీరు వాడేవి ఎనిమిది. ఆ ఎనిమిదీ మామూలువే.

ఆ నూట పది రూపాయల తేడా ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం కొలిమికి. మామూలు స్క్రూడ్రైవర్ మీద కూడా ‘క్రోమ్ వెనేడియం’ అని అచ్చు వేసే ఉంటుంది. అది ఉక్కు రకం పేరు, అంతే. ఆ ఉక్కుకి వేడి ఎలా పెట్టారన్నది అచ్చులో రాదు. ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్ళలోనో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. దాన్ని మళ్ళీ సన్నటి వేడి మీద కాస్త మెత్తబరచాలి. పాత లారీ కమాను పట్టీతో ఉలి చేసే కమ్మరి ఈ రెండో దశలో ఉక్కు మీద పాకే రంగుని చూస్తుంటాడు. ఎండుగడ్డి రంగు రాగానే ఆపితే అంచు నిలుస్తుంది. నీలం దాకా పోనిస్తే మెత్తబడి, ఉలికి పనికిరాకుండా స్ప్రింగుకి పనికొచ్చేదవుతుంది. ఫ్యాక్టరీలో ఇదే పని కొలతలతో, ప్రతి బ్యాచ్‌కీ పరీక్షతో జరగాలి. చవక సరుకులో మొదట కోత పడేది ఈ దశకే. అందుకే ఒకే సెట్టులో ఒక స్పానర్ వంగుతుంది, ఇంకోటి పుటుక్కున విరుగుతుంది.

కొలతల్లో కక్కుర్తి కూడా ఇంతే చెరుపు చేస్తుంది. బైకు ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి పట్టించిన పానా నోరు అర మిల్లీమీటరు వదులుగా ఉందనుకోండి. బలమంతా బోల్టు చదును ముఖాల మీద పడకుండా మూలల మీద పడుతుంది. మూలలు గుండ్రమైపోయాక దాన్ని విప్పే పని మీది కాదు, వెల్డింగ్ షాపు వాడిది.

అలాగని ప్రతిసారీ తప్పు ధరదే అనుకోకండి. మనం ‘స్టార్’ అని ఒకే పేరు పెట్టి పిలిచే స్క్రూల్లో కనీసం మూడు రకాలున్నాయి. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1930లలో ప్రచారంలోకి తెచ్చిన ఫిలిప్స్ తల మామూలు ప్లస్. దీని గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బలం పెరిగేకొద్దీ స్క్రూడ్రైవర్‌ని పైకి తోసేస్తుంది. ప్లస్ గీతల మధ్య సన్నటి ఇంకో నాలుగు గీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్. మాడ్యులర్ కిచెన్ హింజులకి వచ్చే స్క్రూల్లో ఇది తరచూ ఉంటుంది. జపాన్ కంపెనీల బళ్ళలో కొన్ని స్క్రూల తలమీద చిన్న చుక్క ఉంటుంది. అది జపాన్ కొలత, మన ఫిలిప్స్ కొన అందులో పూర్తిగా అడుక్కి దిగదు. ఎంత ఖరీదైన స్క్రూడ్రైవరైనా రకం తప్పితే తల అరగదీస్తుంది. రెండు నంబరు ఫిలిప్స్ ఒకటి, రెండు నంబరు పోజిడ్రైవ్ ఒకటి మంచివి ఉంటే ఇంట్లో చాలా పనులు వెళ్ళిపోతాయి.

కొలిచే వాటి దగ్గరికి వస్తే, చెడుగుని కొనకముందే షాపులోనే పట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. తొంభై డిగ్రీల మూల చూసే మూలమట్టాన్ని తిన్నటి చెక్క అంచుకి ఆనించి పెన్సిల్‌తో గీత గీయండి. దాన్నే తిరగేసి, అదే చోట ఇంకో గీత గీయండి. రెండు గీతలూ కలిసిపోతే సరైనది. ‘వి’ ఆకారంలో విడిపోతే అందులో సగం ఆ మూలమట్టం తప్పు. రసమట్టం కూడా అంతే. బల్లమీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అటుదిటు తిప్పి మళ్ళీ అదే చోట పెట్టాలి. బుడగ చోటు మారితే దాన్ని అక్కడే వదిలేసి రండి. ఈ పరీక్షలో పాసయ్యే చవకవి ఉన్నాయి, ఫెయిలయ్యే ఖరీదైనవీ చూశాను.

టేపు గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు తోచదు. టేపు చివర కొక్కెం కాస్త ముందుకీ వెనక్కీ కదులుతుంటే నాసిరకం అనుకుని దాని రివెట్లని సుత్తితో బిగగొట్టే వాళ్ళున్నారు. నేనూ ఒకసారి ఆ ఘనకార్యం చేశాను. ఆ కదలిక కావాలని పెట్టిందే. చెక్క అంచుకి తగిలించి లాగినప్పుడు కొక్కెం మందం లెక్కలోకి రాకూడదు, గోడకి ఆనించి తోసినప్పుడు రావాలి. అందుకని సరిగ్గా తన మందమంతే జరుగుతుంది. బిగగొట్టాక నా టేపు లోపలి కొలత ఒకటి, బయటి కొలత ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. ఆ కొలతలతో కోసిన అలమారా అర అతకలేదు. ఇంతకీ టేపు మీద చిన్న గుండ్రటి గుర్తులో రోమన్ అంకె రెండు ఉంటే, మూడు మీటర్లకి మిల్లీమీటరు లోపు తేడా ఉండొచ్చని అర్థం. ఇంటి పనికి అది చాలు. ముఖ్యమైన విషయం, ఒక పనికి మొదటి నుంచి చివరిదాకా ఒకే టేపు వాడటం.

ఇక డ్రిల్లు మెషీన్. చాలామందికి మొదటి పెద్ద ఖర్చు ఇదే, మొదటి పెద్ద పొరపాటూ ఇక్కడే. పన్నెండు వందలకి దొరికే పేరులేని మెషీనుకీ, రెండున్నర వేల పైన పెట్టి కొనే కంపెనీ మెషీనుకీ తేడా వాట్లలో వెతక్కండి. పెట్టె మీద 650 వాట్లని ఎవరైనా అచ్చేయొచ్చు. తేడా ఉండేది మోటారు వైండింగ్ రాగితోనా అల్యూమినియంతోనా, గేర్లు లోహమా కాదా, అన్నిటికంటే ముఖ్యంగా బిట్టుని పట్టుకునే చక్కు తిన్నగా తిరుగుతుందా లేదా అన్నదాంట్లో. షాపులోనే సన్నటి బిట్టు బిగించి నెమ్మదిగా తిప్పమనండి. కొన ఒకేచోట నిలిచి తిరగాలి. గాలిలో చిన్న సున్నా చుడుతోందంటే గోడలో ఆరు మిల్లీమీటర్ల రంధ్రం ఏడవుతుంది, ప్లాస్టిక్ ప్లగ్ వదులవుతుంది, అద్దం ఒక రాత్రివేళ కింద పడుతుంది. మోటారులోకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు విడిగా దొరుకుతాయా అనీ అడగండి. అవి అరగడం సహజం. దొరక్కపోతే ఆ మెషీన్ ఆయుష్షు ఆ బ్రష్షులంతే.

కానీ నన్నడిగితే, డబ్బు తక్కువుంటే మెషీన్ దగ్గర కాస్త సర్దుకుని బిట్టు దగ్గర ఖర్చు పెట్టమంటాను. గోడలోకి దిగేది బిట్టు కదా. గోడ బిట్టు కొనమీద కార్బైడ్ ముక్క అతికించి ఉంటుంది. చవక బిట్లలో వేడెక్కగానే ఆ అతుకు వదిలి, ముక్క గోడలోనే ఉండిపోతుంది. ఇనుముకి వాడే బిట్లలో బంగారు రంగు చూసి మోసపోవద్దు. మంచి బిట్టు మీద టైటానియం పూత అదే రంగులో ఉంటుంది, కింద మెత్తటి ఉక్కు ఉన్నదానికీ ఆ రంగే పూస్తారు.

అయినా ఒక చోట ఎంత మంచి బిట్టయినా, మామూలు హ్యామర్ డ్రిల్లయినా నీళ్ళు నమలక తప్పదు. కర్టెన్ రాడ్డు బ్రాకెట్లు. గోడంతా ఇటుక, వెన్నలా దిగుతుంది. కిటికీ పైన మాత్రం లింటెల్ ఉంటుంది, అంటే కాంక్రీటు, లోపల కంకర, ఇనుప ఊచ. సరిగ్గా బ్రాకెట్లు వచ్చేదీ అక్కడే. అరగంట నొక్కి పట్టినా సెంటీమీటరు దిగదు. మెషీన్ కాలిన వాసన వస్తుంది. చవకది కొన్నందుకు మనల్ని మనం తిట్టుకుంటాం, అది అన్యాయం. మామూలు హ్యామర్ డ్రిల్లులో రెండు పళ్ళ చక్రాలు ఒకదాని మీద ఒకటి గరగర జారడం వల్ల దెబ్బ పుడుతుంది. ఆ దెబ్బ చిన్నది, మనం ఎంత నొక్కితే అంత. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే బరువైన రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి ఒత్తిడితో బిట్టు వెనక సుత్తిలా కొడుతుంది. అది పదిహేను సెకన్లలో పని ముగిస్తుంది. జీవితంలో ఎనిమిది రంధ్రాల కోసం దాన్ని కొనడం ఎందుకు? అద్దెకి తెచ్చుకోవచ్చు, లేదా ఆ ఎనిమిది రంధ్రాలకీ మనిషిని పిలవొచ్చు. మనూళ్ళల్లో చవకా, ఖరీదా అనే ప్రశ్నకి పిలిపించుకోవడమనే మూడో జవాబు ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇంటినిండా పనిముట్లు పెట్టుకునేది సరదాకే కాదు, అక్కడ మనిషి ఇంటికొచ్చి పని చేసిపెడితే అయ్యే ఖర్చు చూసి కూడా.

బ్యాటరీ డ్రిల్లుల లెక్కలు ఇంకో తమాషా. ఒక పెట్టె మీద 18 వోల్టులు, ఇంకోదాని మీద 20, మూడోదాని మీద 21. లోపల మూడింట్లోనూ ఉండేవి అవే ఐదు లిథియం సెల్లులు. ఒక్కో సెల్లు సగటున 3.6, నిండుగా ఛార్జయితే 4.2. ఎవరికి నచ్చిన దగ్గర వాళ్ళు కొలిచి అచ్చేశారు. ఇంకా చవక వాటి మీద 48, 88, 128 అని కూడా చూడొచ్చు. పక్కన అర్థంలేని రెండు ఇంగ్లిషు అక్షరాలుంటాయి. వాటిలోనూ చాలావరకు ఆ ఐదు సెల్లులే. ఇక్కడ మీరు కొంటున్నది మెషీన్‌ని కాదు, బ్యాటరీ కుటుంబాన్ని. మూడేళ్ళ తర్వాత ఆ బ్యాటరీ దొరక్కపోతే బాగున్న డ్రిల్లు కూడా పేపర్‌వెయిటే.

ఒంటికి తగిలే వాటి దగ్గర మాత్రం నేను బేరం మాట్లాడను. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు పదకొండు వేల సార్లు తిరుగుతుంది. అంటే చక్రం అంచు గంటకి రెండు వందల కిలోమీటర్లకి పైగా వేగంతో పోతోందన్నమాట. ఆ వేగంలో ముక్క విడిపోతే ఎటు వెళ్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. చక్రం మీద అది తట్టుకోగల గరిష్ఠ వేగం రాసి ఉండాలి, నాలుగంగుళాల దానికి మామూలుగా నిమిషానికి 15,300 సార్ల దాకా ఉంటుంది. మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది. రాయిని పట్టి ఉంచే జిగురు తేమకి బలహీనపడుతుంది కాబట్టి తయారైన మూడేళ్ళకి గడువు వేస్తారు. వెల్డింగ్ షాపుల్లో గార్డు తీసేసి వాడటం రోజూ చూస్తాం. ఇంకా ఘోరం, చెక్క కోయడానికి పళ్ళ బ్లేడుని గ్రైండర్‌కి తగిలించడం. చెక్కలో పళ్ళు ఇరుక్కున్న క్షణంలో మెషీన్ మొత్తం మన మీదికే ఎగురుతుంది. మంచి చక్రానికీ నాసిదానికీ తేడా ముప్పై నలభై రూపాయలు. కళ్ళద్దాలు ఇంకో వంద.

కరెంటుదీ అదే కథ. రెండు వందల లోపు దొరికే పసుపుపచ్చ మల్టీమీటర్ నా దగ్గరా ఉంది. రిమోట్ సెల్లులు చూడటానికి, తెగిన వైరు పట్టుకోవడానికి భేషుగ్గా పనిచేస్తుంది. కానీ దాని పది ఆంపియర్ల సాకెట్ పక్కన చూడండి, ఫ్యూజు లేదని ఇంగ్లిషులో సన్నటి అక్షరాల్లో వాళ్ళే రాశారు. ప్రోబు ఆ సాకెట్‌లో మరిచిపోయి ప్లగ్‌లో వోల్టులు చూడబోయారంటే 230 వోల్టుల లైనుకి సూటిగా షార్టు పెట్టినట్టే, రెండు వైర్లూ మీ చేతుల్లో ఉండగా. మెయిన్స్ ముట్టుకునే మీటరుకి ఇసుక నింపిన ఫ్యూజులూ, ఇంటి లైనులో వచ్చే వోల్టేజి ఉప్పెనల్ని తట్టుకుంటుందని చెప్పే క్యాట్ త్రీ అనే రేటింగూ ఉండాలి, అదీ నమ్మదగిన కంపెనీ రాసినదై ఉండాలి. అలాగే ప్లేయర్‌కి ఎర్ర రబ్బరు తొడుగు ఉంది కదా అని కరెంటు తగలదనుకోవద్దు. చాలా తొడుగులు పట్టు కోసమే. రెండు త్రికోణాల గుర్తూ, 1000 వోల్టులన్న మాటా ఉంటేనే అది పరీక్షించిన ఇన్సులేషన్.

వీటన్నిటికీ భిన్నంగా ఉండేది ఉలి. పదిహేను వందల ఉలైనా మొద్దుబారితే రెండు వందల ఉలి ముందు దిగదుడుపే. చిత్రిక కూడా అంతే. కొత్త ఉలి సాధారణంగా పదునుగా ఉండదు, ఖరీదైనదైనా. వెనక ముఖం అద్దంలా చదునయ్యేదాకా రుద్దాలి, అంచుని సానరాయి మీద పెట్టాలి. సానరాయి లేకపోతే మందపాటి గాజు ముక్క మీద నీటి ఎమరీ కాగితం అతికించి రుద్దినా వస్తుంది. పదును పట్టడం వచ్చినవాడికి చవక ఉలి చాలు, రానివాడికి ఏదీ చాలదు. నాకు వచ్చేసరికి రెండు ఉలులూ, ఒక బొటనవేలూ అరిగాయి.

చవకగా మంచిది కావాలంటే ఇంకో దారి పాతది కొనడం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. బెంచి వైస్, సుత్తులు, పాత స్పానర్లు నిర్భయంగా కొనొచ్చు, ఇన్నేళ్ళు బతికిందంటే పరీక్ష పాసైనట్టే. వైస్ అయితే పూర్తిగా మూసి దవడల మధ్య వెలుగు కనిపిస్తోందేమో చూడండి, మర అరిగిందేమో తిప్పి చూడండి. తుప్పుకి భయపడనక్కర్లేదు, కిరోసిన్‌కీ ఓపిక్కీ లొంగుతుంది. పాత కరెంటు మెషీన్లూ, బ్యాటరీవీ మాత్రం అక్కడ కొనను. లోపల ఏముందో తెలిసేది ఇంటికొచ్చి ప్లగ్ పెట్టాకే.

బాత్రూమ్ తలుపు దగ్గర మెలితిరిగిన ఆ స్క్రూడ్రైవర్‌ని నేను పారేయలేదు. పెయింటు డబ్బాల మూతలు లేపడానికి దాన్ని మించింది లేదు.